ఐదు నుంచి ఆరుకు: 17 మంది పిల్లలతో నా ఏడాది

2024 సెప్టెంబర్‌లో ఒక శనివారం. బడి విడిచాక స్కూటీ మీద ఇంటికి వెళ్తున్నాను. దారి పక్కన సీడ్ పత్తి చేను, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. సాళ్ల మధ్య వంగి మొగ్గలు గిల్లుతున్న వాళ్లలో ఒక చిన్నపిల్ల నన్ను చూసి గబుక్కున చెట్ల వెనక కూర్చుంది. అప్పటికే నేను చూశాను. ఏప్రిల్‌లో నా చేతులతో రికార్డ్ షీట్ ఇచ్చి పంపిన పిల్ల. ఐదో తరగతిలో లెక్క చెప్పడం ఆలస్యం, అందరికంటే ముందు చేసి నోట్‌బుక్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి పరుగెత్తుకొచ్చేది.

బండి ఆపి పేరు పెట్టి పిలిచాను. లేచి నిలబడింది కానీ తలెత్తలేదు.

"బడికి పోతలేవా అమ్మా?"

"పోయిన మేడం. నాలుగు రోజులు పోయిన."

ఇంకేమీ అడగలేకపోయాను. సోమవారం హైస్కూల్‌కు ఫోన్ చేసి ఆ బ్యాచ్ పిల్లల పేర్లన్నీ ఒక్కొక్కటిగా అడిగాను. మేం పంపింది 14 మందిని. బడికి వస్తున్నది 11 మంది. ఈ అమ్మాయి నాలుగు రోజులు వెళ్లి మానేసింది. మరో ఇద్దరు ఆడపిల్లలు అసలు చేరనే లేదు. మా రిజిస్టర్‌లో మాత్రం 14 మందీ ఐదు పాసై ఆరుకు వెళ్లినట్టే రాసి ఉంది. మేం పేరు తీసేశాం, అక్కడ పేరు ఎక్కలేదు. ఆ రెండు రిజిస్టర్ల మధ్య ముగ్గురు పిల్లలు జారిపోతే, ఐదేళ్లు వాళ్లకు చదువు చెప్పిన నాకే నాలుగైదు నెలల దాకా తెలియలేదు.

మాది జోగులాంబ గద్వాల జిల్లా. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నేల కాబట్టి నడిగడ్డ అంటారు. మా బడిలో ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇద్దరం టీచర్లం. హైస్కూల్ నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో వేరే ఊళ్లో ఉంది. ప్రైమరీ బడి నుంచి వెళ్లేటప్పుడు మేం ఇచ్చే కాగితాన్ని రికార్డ్ షీట్ అంటాం, టీసీ హైస్కూల్ వాళ్లు ఇచ్చేది. ఏప్రిల్ 23న, ఆఖరి పనిదినం నాడు, ఆ కాగితం మీద సంతకం చేసి, "బాగా చదువుకోండి" అని చెప్పి పంపితే నా పని అయిపోయినట్టే అనుకునేదాన్ని. పదకొండేళ్లుగా అలాగే చేశాను.

ఆ ఏడాది, అంటే 2024-25లో, నా దగ్గర ఐదో తరగతిలో 17 మంది ఉన్నారు. తొమ్మిది మంది అమ్మాయిలు, ఎనిమిది మంది అబ్బాయిలు. దీపావళి దాటాక ఒక 200 పేజీల నోట్‌బుక్ కొని ఒక్కొక్కరికి నాలుగేసి పేజీలు కేటాయించాను. పైన పేరు, కింద నాలుగు ప్రశ్నలు. ఆరో తరగతికి ఎక్కడికి వెళ్తారు, ఎవరితో వెళ్తారు, ఇంట్లో ఎవరు వద్దంటున్నారు, ఎందుకు వద్దంటున్నారు.

ఆ ప్రశ్నలకు జవాబులు ఇళ్లకు వెళ్తేనే దొరికాయి. పగలు ఎవరూ ఇంట్లో ఉండరు కాబట్టి చీకటి పడ్డాక వెళ్లేదాన్ని. నాతో పాటు అంగన్‌వాడీ టీచర్ కూడా వచ్చేది. ఆమె ఈ ఊరి కోడలే, ఆమె పక్కన ఉంటే ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడతారు. రోజుకు రెండిళ్లు, కొన్నిసార్లు ఒకటే. మొదటి పది నిమిషాలు అందరూ "పంపుతం మేడం, ఎందుకు పంపం" అనేవాళ్లు. చాయ్ తాగి లేవబోతుంటే అసలు మాట బయటికి వచ్చేది.

ఒక నాయనమ్మ అడిగింది: "హైస్కూల్ల ఫీజు ఎంతుంటది మేడం?" ఏమీ ఉండదని, పుస్తకాలు, రెండు జతల బట్టలు, మధ్యాహ్నం అన్నం అన్నీ ఇక్కడిలాగే అక్కడా ఇస్తారని చెప్తే నమ్మలేదు. అన్నం ఐదో తరగతి దాకే పెడతారని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటోంది. బడి ఫ్రీ అన్న సంగతి ఊరందరికీ తెలుసని మనం అనుకుంటాం. తెలియని ఇళ్లు మా ఊళ్లోనే నాలుగు కనిపించాయి.

ఆడపిల్లల ఇళ్లలో మాత్రం దారి సంగతే మళ్లీ మళ్లీ వచ్చింది. నాలుగున్నర కిలోమీటర్లలో మధ్యలో ఒక వాగు, వాగు దాటాక కిలోమీటరు దాకా ఇల్లు లేదు. ఆర్టీసీ బస్సు ఉంది, మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు టికెట్ డబ్బులు కూడా అక్కర్లేదు. కానీ పొద్దున బస్సు ఏడున్నరకే వెళ్లిపోతుంది, తిరిగి వచ్చేది సాయంత్రం ఆరున్నరకు. బడి వేళలకూ దానికీ పొత్తే లేదు. ఒక తల్లి నాతో అన్న మాట నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను: "చదువుకు నేను అడ్డం గాను మేడం. ఆ వాగు కాడ నా బిడ్డ ఒక్కతే నడుస్తుంటే నాకు చేన్ల చెయ్యి ఆడదు."

ఆ భయానికి సమాధానం లేకుండా "పంపండి, పంపండి" అనడం అన్యాయం అనిపించింది.

అందుకని మొదట దారి పని పట్టుకున్నాం. ఆరు నుంచి ఎనిమిది తరగతులు చెప్పే బడి ఇంటికి మూడు కిలోమీటర్లలోపు ఉండాలని విద్యాహక్కు చట్టం నిబంధనలు చెప్తాయి. లేనిచోట పిల్లలకు రవాణా భత్యం ఇస్తారు. ఆ జాబితాలో మా ఊరి పేరు ఉందో లేదో మండల విద్యా వనరుల కేంద్రానికి వెళ్లి చూశాను. ఊరి పేరు ఉంది, పిల్లల పేర్లు సగమే ఉన్నాయి. మిగతావి రాయించాం. ఆ డబ్బు వచ్చేసరికి నెలలు పడుతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని ఆటో మాట్లాడలేం. బస్సు వేళ మార్చమని ఊరి పెద్దలు, తల్లిదండ్రులు కలిసి డిపోలో అర్జీ ఇచ్చారు. వేళ మారలేదు. చివరికి అక్కరకొచ్చింది మా ఊళ్లోనే ఎనిమిది, తొమ్మిది చదువుతున్న పిల్లలు. ఆరుగురున్నారు. వాళ్లను పిలిచి, చిన్నవాళ్లను ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు చొప్పున అప్పగించాను. పొద్దున ఎనిమిదింపావుకు హనుమంతుడి గుడి దగ్గర అందరూ కలవాలి, లెక్క సరిపోయాకే కదలాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఆ పనిని ఎంత శ్రద్ధగా తీసుకుందంటే, జూన్‌లో ఎవరెవరు తన వెంట వస్తారో ఫిబ్రవరిలోనే వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పి వచ్చింది.

నవోదయ గురించి కూడా చెప్పాలి. అది పరీక్ష పెట్టి ఆరో తరగతిలో చేర్చుకునే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి. ఇద్దరు పిల్లల చేత వట్టెంలోని నవోదయకు అప్లై చేయించాను. 80 సీట్లు, 100 మార్కుల పరీక్ష, రెండు గంటల సమయం. మూడు నెలలు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరికీ రాలేదు. ఒక అబ్బాయి రెండు రోజులు బడికి రాలేదు, తాను చదువుకు పనికిరాననుకున్నాడు. వచ్చినవాళ్లకు నవోదయ ఒక వరం, అందులో అనుమానం లేదు. కానీ నా నోట్‌బుక్‌లో మిగతా 15 మంది పేజీలు జనవరి అంతా ఖాళీగా ఉన్నాయని చూసుకున్నప్పుడు బాధేసింది. ఇద్దరి కోసం నేను పెట్టిన సాయంత్రాలు 15 మంది సాయంత్రాల్లోంచి తీసినవే. ఇప్పుడు నవోదయ తయారీని వారానికి రెండు రోజులే పెట్టుకున్నాను.

ఫిబ్రవరి చివర్లో పిల్లలందరినీ హైస్కూల్ చూపించడానికి తీసుకెళ్లాం. కావాలనే నడిచి వెళ్లాం. వాగు దగ్గర ఆగి నీళ్లలో కాళ్లు పెట్టుకుని, జొన్నరొట్టెలు తిని మళ్లీ నడిచాం. పెద్ద గేటు, 300 మంది పిల్లలు, ప్రతి పీరియడ్‌కూ గంట. మా పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. అక్కడి హెచ్‌ఎం సారు మంచివారు, ఆరో తరగతి గదిలో ఖాళీ బెంచీల మీద కూర్చోబెట్టి "ఏమైనా అడగండి" అన్నారు. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒక పిల్ల లేచింది.

"సార్లు గంట గంటకు మారితే మా పేర్లు వాళ్లకెట్ల తెలుస్తయి?"

ఆ ప్రశ్న నా తలకు ఎన్నడూ తట్టలేదు. ఐదేళ్లు వాళ్లకు ఇద్దరమే టీచర్లం. ఎవరు పొద్దున తినకుండా వచ్చారో, ఎవరి నాయన తాగి గొడవ చేశాడో ముఖం చూసి చెప్పగలం. అక్కడ తెలుగుకు ఒకరు, హిందీకి ఒకరు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్, ఒక్కోదానికి ఒక్కొక్కరు. ఆరుగురు చూస్తున్నారంటే ఎవరో ఒకరు గమనిస్తారులే అని ఎవరికి వారు అనుకునే ప్రమాదం ఉంది. హెచ్‌ఎం సారు ఆ పిల్ల మాట విని కాసేపు ఆలోచించి, "క్లాస్ టీచర్ ఒకరుంటారమ్మా, ఆయన దగ్గర మీ పేర్లన్నీ జూన్ కంటే ముందే ఉంటాయి" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

పిల్లలు ఇంకో మాట కూడా అడిగారు, అది నన్ను పక్కకు పిలిచి చెవిలో: బాత్రూంలకు తలుపులున్నాయా అని. వెళ్లి చూసొచ్చాం. నాలుగింట్లో ఒకదానికి గడియ లేదు. ఆ సంగతి అక్కడి మేడంకు చెప్తే వారంలో పెట్టించి ఫోన్ చేశారు. ఆ ఫోన్ సంగతి మరునాడు క్లాసులో చెప్పినప్పుడు అమ్మాయిల ముఖాలు చూడాలి.

హిందీ మరో గండం. మా దగ్గర ప్రభుత్వ బడుల్లో హిందీ ఆరో తరగతితోనే మొదలవుతుంది. పిల్లలకు అదంటే చెప్పలేనంత టెన్షన్, హైస్కూల్‌కు వెళ్లిన అన్నలు అక్కలు నూరిపోసిన భయం. మార్చిలో రోజూ చివరి 20 నిమిషాలు హిందీ అక్షరాలు మొదలుపెట్టాను. తెలుగు అచ్చుల పక్కనే హిందీ అచ్చులు రాసి చూపించాను. హిందీలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. అది కనిపెట్టిన పిల్లాడు "మనకంటే తక్కువే ఉన్నయి గదా మేడం!" అని అరిచాడు. ఆ రోజు నుంచి భయం సగం తగ్గింది. ఏప్రిల్‌కల్లా అందరూ పైన గీత గీసి తమ పేరు హిందీలో రాయడం నేర్చుకున్నారు. మొదటి రోజు హిందీ సారు బోర్డు మీద రాసింది వాళ్లకు కొంచెమైనా తెలిసి ఉండాలి, అంతవరకే నేను కోరుకున్నది.

అన్నిటికంటే నాకు కష్టమైన పని ఒక్కో పిల్లవాడి గురించి హైస్కూల్‌కు ఒక పేజీ రాయడం. 17 మందిలో నలుగురు తెలుగు ధారాళంగా చదవలేరు. నా దగ్గర ఐదేళ్లు ఉండీ చదవలేరు. అది రాయడానికి చెయ్యి రాలేదు, రాయకపోతే అక్కడి టీచర్లకు తెలియదు. ఒక అమ్మాయి గురించి మొదట "చదవడం రాదు" అని రాశాను. రాత్రి మళ్లీ చదువుకుంటే, ఆ రెండు మాటలు ఆ పిల్లకంటే ముందే క్లాసులోకి వెళ్లి కూర్చుంటాయని అనిపించింది. చించేసి ఇలా రాశాను: "చిన్న వాక్యాలు చదువుతుంది. ఒత్తుల దగ్గర ఆగుతుంది. అందరి ముందు నిలబెట్టి చదవమంటే గొంతు రాదు. పక్కన కూర్చుని అడిగితే చదువుతుంది. నోటిలెక్కలు బాగా చేస్తుంది. పాట పాడమంటే సంతోషిస్తుంది." అప్పటి నుంచి అందరివీ అలాగే రాశాను. పిల్లకు ఏం రాదో రాసినచోట, ఎలా అడిగితే వస్తుందో కూడా రాయాలని పెట్టుకున్నాను. మే నెలలో ఆరో తరగతి క్లాస్ టీచర్ ఇంటికి వెళ్లి ఆ 17 పేజీలు ఇచ్చి రెండు గంటలు కూర్చున్నాను.

కాగితాల బాధ వేరే. ఆధార్‌లో ఒక పేరు, మా అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒక పేరు. పుట్టిన తేదీలు ఎక్కువమందికి జనవరి 1. బడులు, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ప్రతి పిల్లకూ ఇచ్చే శాశ్వత నంబర్ (పెన్) ఉన్నా, వివరాలు కలవకపోతే పేరు ఇక్కడి నుంచి అక్కడికి మారదు. మార్చిలోనే సరిచూసుకుంటే ఐదుగురివి తప్పులు తేలాయి. తల్లిదండ్రులు కూలి మానుకుని ఆధార్ సెంటర్ ముందు క్యూలో నిలబడ్డారు, ఒకాయన మూడు రోజులు తిరిగాడు. పట్నంలో చేర్చిన ఒక అబ్బాయికి అక్కడి బడి ఆఫీసులో "ఆధార్ సరిచేసుకుని వచ్చాకే అడ్మిషన్" అన్నారట. ఆ తండ్రి కొడుకును వెంటబెట్టుకుని తిరిగి ఊరికి వచ్చేశాడు. ఆధార్ లేదనో, వయసు రుజువు లేదనో, వెనకటి బడి కాగితం ఆలస్యమైందనో పిల్లవాడిని చేర్చుకోకుండా ఉండకూడదు. విద్యాహక్కు చట్టంలో 5, 14 సెక్షన్లు చదివి, ఫోన్లో అక్కడి హెచ్‌ఎంకు వినిపించాను. మర్నాడు చేర్చుకున్నారు. ఆ తండ్రికి నేను తెలిసి ఉండకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

2025 జూన్ 12. మా బడి కూడా ఆ రోజే తెరుస్తాం. ఎనిమిదింటికే గుడి దగ్గరికి వెళ్లాను. ఇద్దరు అమ్మాయిలు కేజీబీవీకి (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయానికి) వెళ్లారు, దారి భయం ఉన్న ఇళ్లకు నేనే ఆ దారి చెప్పాను, అక్కడ ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు హాస్టల్‌తో పాటు చదువు. ఒక అబ్బాయి పట్నం వెళ్లాడు. మిగిలిన 14 మందీ వచ్చారు. తొమ్మిదో తరగతి అమ్మాయి, ఇప్పుడు పదో తరగతి, వేలితో లెక్కపెట్టి "అందరున్నరు మేడం, పోతున్నం" అంది. వాళ్లు వాగు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

చేరడంతో పని పూర్తి కాదని పోయినేడు తెలిసింది కదా. మా దగ్గర ఆగస్టు, సెప్టెంబర్ నెలలు గడ్డుకాలం. సీడ్ పత్తికి క్రాసింగ్ చేయాలి. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. రెండు నెలలు ఒక్క రోజు కూడా ఆపడానికి లేదు. సన్నటి వేళ్లు, తక్కువ ఎత్తు, అందుకే ఆ పనికి పిల్లల మీద కన్ను పడుతుంది. పదకొండేళ్ల వయసు, కొత్త బడి, ఇంకా అలవాటు పడని దారి, సరిగ్గా అప్పుడే ఈ పని వచ్చి పడుతుంది.

ప్రతి శనివారం సాయంత్రం క్లాస్ టీచర్‌కు ఫోన్ చేసి ఒక్కటే అడిగేదాన్ని: ఈ వారం ఎవరు రాలేదు? ఆగస్టు రెండో వారంలో ఇద్దరు అమ్మాయిల పేర్లు చెప్పారు. ఆ రాత్రే వెళ్లాం. మొదటి ఇంట్లో తల్లి నన్ను చూడగానే ఏడ్చింది. "నాకు మాత్రం ఇష్టమా మేడం? ఆర్గనైజర్ తాన అడ్వాన్స్ తెచ్చుకున్నం. కూలోళ్లు దొర్కుతలేరు." విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఉండి, ముందుగా డబ్బిచ్చి పంట వేయించే మనిషిని ఆర్గనైజర్ అంటారు. ఆమెకు ఏ సెక్షన్ చదివి వినిపించను? వాళ్ల అన్నదమ్ముల కుటుంబాలు మూడింటిని కూర్చోబెట్టి, ఒకరి చేనుకు ఒకరు బదులుకు వెళ్లేట్టు మాట్లాడితే, వారం తర్వాత పిల్ల బడికి వచ్చింది. రెండో ఇంట్లో మూడుసార్లు మాట్లాడాల్సి వచ్చింది. పదో తరగతి అమ్మాయి రోజూ పొద్దున ఆ ఇంటి ముందు ఆగి "నువ్వొచ్చేదాంక ఎవ్వరం కదలం" అని నిలబడేదట. పిల్లలంతా తమ గుమ్మం ముందు నిలబడి ఉంటే తండ్రికే సిగ్గేసి పంపాడు. నేను చేసినదాని కంటే అదే బాగా పనిచేసింది.

మొదట చెప్పిన పిల్ల సంగతి. పత్తిచేనులో కనబడ్డ అమ్మాయి. బడి మానేసిన ఆడపిల్లలకు కేజీబీవీలో చోటిస్తారు. 2025 జూన్‌లో ఆమెను కూడా అక్కడే ఆరో తరగతిలో చేర్చాం, ఒక ఏడు పోయింది. బతుకమ్మ సెలవులకు ఊరికొచ్చినప్పుడు మా బడికి వచ్చి గుమ్మంలో నిలబడింది. లెక్కల్లో 20కి 18 వచ్చాయని పేపర్ చూపించింది. మిగతా ఇద్దరిలో ఒకామెకు పెళ్లి మాటలు మొదలైతే అంగన్‌వాడీ టీచర్, నేను పోయి ఆపించాం, బడికి మాత్రం ఇంకా రాలేదు. ఇంకొకామె కుటుంబం రాయచూరు వైపు వెళ్లిపోయింది.

ఇక 14 మందిలో దసరా నాటికి 13 మంది వెళ్తున్నారు. నవోదయ రాలేదని ఏడ్చిన అబ్బాయి క్లాసులో ముందున్నాడు. ఒత్తుల దగ్గర ఆగే పిల్లను తెలుగు మేడం రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. రానివాడు ఒక్కడు. సెప్టెంబర్‌లో వాళ్లమ్మానాయనలు భవనాల పనికి బెంగళూరు వెళ్తూ, ఇంట్లో చూసుకునేవాళ్లు లేక వాడినీ తీసుకెళ్లారు. ఫోన్ చేస్తే తండ్రి ఎత్తాడు, వెనక ఇసుక జల్లెడ చప్పుడు. "సంక్రాంతికి వస్తం మేడం, పోరన్ని అవ్వ తాన వదిలిపెడ్తం" అన్నాడు. వాడి అవ్వను కలిశాను, సరేనంది. హెచ్‌ఎం సారుతో మాట్లాడి అప్పటిదాకా రిజిస్టర్‌లో పేరు తీసేయొద్దని అడిగాను. తీయనన్నారు. వాడి పుస్తకాలు మా బడి బీరువాలో పెట్టి ఉంచాను.